పని చేస్తుంటే పాడైంది: ఆ డబ్బు ఎవరు కట్టాలి?

ఎండలు ముదరకముందే పాలకొల్లు, భీమవరం, అమలాపురం వీధుల్లో ఏసీలు బిగించేవాళ్లకు ఊపిరాడదు. ఆ హడావిడిలోనే ఎక్కడో ఒకచోట గోడకు కన్నం పెడుతుంటే లోపలున్న నీళ్ల పైపు పగులుతుంది. "కావాలని చేశానా అండీ? లోపల పైపుందని నాకేం తెలుసు?" అంటాడు మెకానిక్. "కావాలని చేశావని నేనన్నానా బాబూ? గోడ పోయింది, టీవీ పోయింది, ఎవరిస్తారు?" అంటాడు ఇంటాయన. ఇద్దరి మాటా నిజమే. కానీ ఒకరు తన మనసులో ఏముందో చెబుతున్నారు, ఇంకొకరు తన జేబుకు పడ్డ చిల్లు గురించి అడుగుతున్నారు. అందుకే గంటసేపు వాదించుకున్నా మాట తెగదు.

ఇందులో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నది మొదటిది. జరిగిన నష్టంలో ఎంతవరకు ఆ పని చేసినవాడి ఖాతాలో పడుతుందన్నది రెండోది. దానికి ధర ఎలా కట్టాలన్నది మూడోది. వీటిని విడదీసి చూస్తే చాలా గొడవల్లో అసలు తగాదా అనుకున్నంత పెద్దది కాదని తెలుస్తుంది.

కావాలని చేయకపోతే బాధ్యత ఉండదా?

ఉద్దేశం ముఖ్యమయ్యేది నేరం విషయంలో. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం ఇతరుల ఆస్తి పాడుచేయడం నేరం కావాలంటే, నష్టం చేయాలన్న ఉద్దేశమైనా ఉండాలి, నష్టం జరుగుతుందని తెలిసీ చేసి అయినా ఉండాలి. చేయి జారి పగిలిన పైపు అందులోకి రాదు. "స్టేషన్‌లో కేసు పెడతా" అన్న బెదిరింపుకు ఇలాంటి సందర్భాల్లో పెద్దగా బలం లేదు.

డబ్బు పరిహారానికి ఉద్దేశంతో పనిలేదు. ఆ పని తెలిసిన మామూలు మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే చూస్తారు. తీసుకోకపోతే అది నిర్లక్ష్యం. వినియోగదారుల చట్టం దీన్నే సేవాలోపం అంటుంది.

ఏసీ విషయమే చూద్దాం. ఇప్పటి ఇళ్లలో పైపులు, వైర్లు గోడలోపలే ఉంటాయి. స్విచ్ బోర్డు నుంచి వైరు మామూలుగా నిలువునా పైకో కిందికో వెళ్తుంది. కుళాయి, షవర్ ఉన్నచోట పైపు కూడా అంతే. ఈ సంగతి ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ, ప్లంబర్‌కూ తెలుసు. బాత్రూమ్ గోడకు అవతలివైపు, సరిగ్గా షవర్ వరసలో, ఏమీ అడక్కుండా డ్రిల్ పెట్టాడంటే నిర్లక్ష్యం కాదనడం కష్టం. అదే మెకానిక్ "ఇక్కడ పైపేమైనా ఉందా అండీ" అని అడిగి, ఇంటాయన "ఏం లేదు, కొట్టెయ్" అన్నాక కొట్టాడనుకోండి. పైగా ఆ పైపును ఎప్పుడో ఎవరో అడ్డదిడ్డంగా, ఐమూలగా వేసి ఉన్నారనుకోండి. అప్పుడు అతన్ని తప్పుపట్టడానికి ఆధారం దాదాపు ఉండదు. కన్నం ఒకటే, పగిలిన పైపూ ఒకటే, తీర్పు మాత్రం వేరు.

ఇంకో చిక్కు పాత ఇళ్లతో వస్తుంది. కోనసీమలో మిగిలిన మండువా ఇళ్ల మీద పెంకులు సర్దడానికి ఎక్కిన మనిషి కాలికింద వాసం విరిగిందంటే, అది చెదలు తిన్న వాసమా, గట్టి వాసమా అన్నది లెక్కలోకి వస్తుంది. పాత కప్పు మీద ఎక్కడ అడుగు వేయాలో చూసుకోవడం అతని పనే. కానీ అప్పటికే సగం పోయిన కర్రకు కొత్త టేకు కర్ర ధర అడగడం న్యాయం కాదు.

ఇంట్లో చేసిన పని వేరు, షాపులో అప్పగించిన వస్తువు వేరు

ఈ తేడా చాలామందికి తెలియదు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువగా తెలియాల్సింది ఇదే.

మెకానిక్ మీ ఇంటికొచ్చి పని చేస్తే వస్తువు మీ దగ్గరే, మీ కళ్ల ముందే ఉంటుంది. నిర్లక్ష్యం జరిగిందని చూపించే భారం ప్రధానంగా మీది. అదే వస్తువును అతని షాపులో ఇచ్చి వచ్చారనుకోండి, కథ మారుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది. అంటే ఒక పని కోసం వస్తువును అప్పగించడం, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. 151వ సెక్షన్ ప్రకారం వస్తువు తీసుకున్నవాడు, అంత విలువైన తన సొంత వస్తువును మామూలు తెలివిగల మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకుని కూడా పాడైతే, వేరే ఒప్పందం లేనంతవరకు అతనికి బాధ్యత లేదని 152వ సెక్షన్ చెబుతుంది.

అయితే జాగ్రత్త తీసుకున్నానని ఎవరు చూపించాలి? వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్లే. షాపులో ఏం జరిగిందో బయట ఉన్న కస్టమర్‌కు తెలిసే వీలు లేదు కాబట్టి కోర్టులు వివరణను షాపువాడినే అడుగుతాయి.

కాకినాడలో ఒకావిడ ఉప్పాడ జాందానీ చీరను రోలింగ్‌కు ఇచ్చిందనుకుందాం. తిరిగి వచ్చేసరికి కొంగు దగ్గర జానెడు చిరుగు. "చీర పాతది కదండీ, నూలు బలం తగ్గింది" అంటాడు షాపాయన. అది నిజమే కావొచ్చు. కానీ ఆ సంగతి ఇచ్చేటప్పుడు చూశాడా, చెప్పాడా, రసీదు మీద రాశాడా అన్నదాని మీద అతని మాట బలం ఆధారపడి ఉంటుంది. తీసుకునేటప్పుడే మడత విప్పి వెలుతురులో చూసి "కొంగు దగ్గర నీరసంగా ఉంది" అని రసీదు మీద రాసే షాపువాళ్లు కొందరున్నారు. కస్టమర్‌కు అది చాదస్తంగా కనిపిస్తుంది గానీ, తర్వాత తగాదా వస్తే ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం.

"పోయినా పాడైనా మా బాధ్యత లేదు" అన్న బోర్డు

ఆ బోర్డు పెట్టేస్తే తప్పించుకోవచ్చని షాపువాళ్లలో చాలామంది నమ్మకం. బోర్డు చూసి కస్టమర్లలో చాలామంది అడగడమే మానేస్తారు. రెండూ తొందరపాటే.

1960లలో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక లాండ్రీ తగాదా వచ్చింది. ఇచ్చిన చీర పోయింది. పోతే మార్కెట్ విలువలో సగమే ఇస్తామని రసీదు మీద అచ్చు వేసి ఉంది. ఆ షరతు ప్రజాహితానికి విరుద్ధమని, చెల్లదని కోర్టు చెప్పింది. దాన్ని ఒప్పుకుంటే బాగున్న బట్టను సగం ధరకు సొంతం చేసుకునే దారి తెరిచినట్టవుతుంది కదా.

అలాగని షాపువాడి హెచ్చరికలన్నీ పనికిరానివి కావు. గోడ మీద అందరికీ కలిపి రాసిన బోర్డు ఒక రకం. "ఈ జరీ చీర రోలర్‌లో పెడితే చిరిగే అవకాశం ఉందమ్మా, అయినా చేయమంటారా?" అని ఆ చీర గురించి, ఆ మనిషితో చెప్పడం మరో రకం. రెండోదానికి ఒప్పుకున్న కస్టమర్ ఆ ప్రమాదాన్ని తెలిసి తలకెత్తుకున్నట్టే. మొదటిది నిర్లక్ష్యానికి గొడుగు పట్టదు.

ఒక లెక్క: పైపు, గోడ, టీవీ

మళ్లీ ఏసీ దగ్గరికి వద్దాం. మెకానిక్ కొంత నిర్లక్ష్యంగానే కన్నం పెట్టాడని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. బిగింపు కూలి 1,500 రూపాయలు. ఇంటాయన అడుగుతున్నది ఇదీ: పైపు బాగుచేయడానికి 2,500, హాలంతా రంగు వేయడానికి 22,000, కొత్త టీవీకి 40,000. మొత్తం 64,500.

పైపు ఖర్చులో తగాదా లేదు. పగిలింది అతని వల్లే, బాగుచేయాల్సిందే.

రంగు దగ్గర రెండు వాదనలున్నాయి. తడిసిన అడుగున్నర మేర అతుకు వేసి ఇస్తానంటాడు మెకానిక్. అతుకు అతుకులానే కనిపిస్తుందంటాడు ఇంటాయన. పాత రంగు పక్కన కొత్త రంగు కలవదన్నది గోడ చూసిన ఎవరికైనా తెలుసు. కాబట్టి ఆ గోడ ఒక్కటి ఈ మూల నుంచి ఆ మూల దాకా వేయించడం సబబు. దానికి 7,000 అనుకుందాం. తడవని మిగతా మూడు గోడల ఖర్చు ఈ ప్రమాదం నుంచి పుట్టింది కాదు.

టీవీ అసలు కొన్న ధర 40,000, కొని ఐదేళ్లయింది. ఎనిమిదేళ్లు పనిచేస్తుందని లెక్కేస్తే మిగిలిన విలువ సుమారు 15,000. ఐదేళ్లు వాడిన టీవీకి బదులు కొత్త టీవీ ఇప్పిస్తే ఇంటాయన ప్రమాదానికి ముందున్న స్థితికంటే మెరుగైపోతాడు. పరిహారం పని ఉన్న స్థితికి తేవడం వరకే. ఇంతలో సర్వీస్ సెంటర్ వాళ్లు బోర్డు మారిస్తే 6,500 అవుతుందన్నారనుకోండి. రిపేరు అయ్యేదానికి, అది మిగిలిన విలువకంటే తక్కువైనప్పుడు, రిపేరు ధరే లెక్క. మొత్తం కలిపితే 2,500, 7,000, 6,500. అంటే 16,000.

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది. నీళ్లు చిమ్మగానే ఇంటాయన డాబా మీదికెళ్లి ట్యాంకు వాల్వ్ కట్టాడా, లేక మెకానిక్‌ను తిడుతూ అరగంట నిలబడ్డాడా? కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకునే దారి అందుబాటులో ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చేయి చాపితే తీయగలిగే టీవీని నీళ్లకింద వదిలేస్తే ఆ 6,500 మొత్తం మెకానిక్ మీద వేయడం కుదరదు. ఎంత తగ్గించాలన్నదానికి పట్టిక ఏదీ లేదు. పరిస్థితిని బట్టి తేలుస్తారు.

మెకానిక్ అడిగే ప్రశ్న కూడా వినాలి: "1,500 కూలికి వచ్చి 16,000 కట్టాలా అండీ?" ఆ బాధ నిజమైనది. రోజంతా నిచ్చెన మీద నిలబడినవాడికి అది చాలా రోజుల సంపాదన. కానీ కూలి ఎంతన్నది బాధ్యతకు పరిమితి కాదు. కూలి తీసుకున్నది కన్నం సరైనచోట పెట్టే నైపుణ్యానికి కూడా. అయితే అతన్ని కాపాడే హద్దు ఒకటి చట్టంలోనే ఉంది. దాని సంగతి రొయ్యల చెరువు దగ్గర బాగా తెలుస్తుంది.

మోటారు కాలింది, చెరువు పోయింది

ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రాత్రంతా నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతూ తెల్లవారుజాముకు బాగా తగ్గిపోతుంది. అప్పుడే రొయ్యలు పైకి తేలతాయి. ఒక రైతు ఏరేటర్ మోటారును రివైండింగ్‌కు, అంటే లోపలి తీగ మళ్లీ చుట్టడానికి ఇచ్చాడు. వైండింగ్ సరిగా కుదరక బిగించిన మూడో రాత్రి అది కాలిపోయింది. పొద్దునకు చెరువులో సగం సరుకు పోయింది. రివైండింగ్ కూలి కొన్ని వేలు. నష్టం లక్షల్లో.

ఎంతవరకు మెకానిక్ భరించాలి? 73వ సెక్షన్ ప్రకారం మాట తప్పడం వల్ల మామూలుగా వచ్చే నష్టానికీ, ఒప్పందం చేసుకునేటప్పుడే వస్తుందని ఇద్దరికీ తెలిసిన నష్టానికీ పరిహారం ఉంటుంది. దూరంగా, చుట్టు తిరిగి వచ్చిన నష్టానికి ఉండదు. అదే సెక్షన్ కింద చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. మిల్లు ఆగిపోయిందని చెప్పి ఒకాయన రవాణాదారుడికి యంత్రాన్ని అప్పగిస్తాడు. రవాణాదారుడు అకారణంగా ఆలస్యం చేస్తాడు. మిల్లు యజమానికి ప్రభుత్వంతో ఉన్న లాభసాటి కాంట్రాక్టు కూడా చేజారుతుంది. మిల్లు ఆగిన రోజులకు సగటు లాభం ఇప్పించాలి, పోయిన ప్రభుత్వ కాంట్రాక్టుకు మాత్రం ఇప్పించనక్కర్లేదని చట్టం చెబుతుంది. ఎందుకంటే మిల్లు ఆగిందన్న సంగతి రవాణాదారుడికి తెలుసు, కాంట్రాక్టు సంగతి తెలియదు.

ఇప్పుడు చెరువుకు వద్దాం. భీమవరంలో షాపు పెట్టుకుని ఏరేటర్ మోటార్లు చుట్టే మనిషి అది ఆగితే రొయ్యలు పోతాయని నాకు తెలియదనలేడు. ఇది రైతుకు అనుకూలం. కానీ మెకానిక్ వైపు కూడా అడగాల్సినవి చాలా ఉన్నాయి. చెరువులో ఎనిమిది ఏరేటర్లుంటే ఒకటి ఆగినంతమాత్రాన చెరువు పోతుందా? రాత్రి కాపలా మనిషి ఏ గంటకు చూశాడు? ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లారా? తేలిన సరుకును వెంటనే పట్టి తక్కువ ధరకైనా అమ్మారా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రొయ్యలకు అప్పటికే తెల్లమచ్చ తెగులు తగిలి ఉందా? ఇవి తేలకుండా "మోటారు కాలింది, కాబట్టి చెరువంతా నువ్వే కట్టు" అంటే మధ్యలో గొలుసు తెగినట్టే. ఆ సీజన్ లాభం మీద కట్టాల్సిన అప్పు, ఆగిపోయిన కూతురి పెళ్లి, ఇవి రైతుకు ఎంత బరువైనా మెకానిక్ లెక్కలోకి రావు.

కాలిన మోటారు వైండింగ్ సంగతి ఇందులో తేలిక. చూస్తే తెలుస్తుంది. రొయ్యల చావుకు కారణం మాత్రం ఆ రోజు నీళ్ల పరీక్ష, సరుకు పరీక్ష చేయించకపోతే తర్వాత తేల్చడం దాదాపు అసాధ్యం. ఇలాంటి తగాదాల్లో రైతులు ఎక్కువగా ఓడిపోయేది అక్కడే.

పక్కింటి రేకుల మీద పడ్డ గెల

కోనసీమలో కొబ్బరి దింపు రోజున గెల జారి పక్కింటి సిమెంటు రేకుల మీద పడటం కొత్త కాదు. ఇక్కడ నష్టపోయినాయనకు దింపు కార్మికుడితో ఒప్పందమేమీ లేదు. ఎవరిని అడగాలి?

జీతానికి పెట్టుకున్న మనిషి పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమానిదే బాధ్యత. ఏసీ షాపు హెల్పర్ పైపు పగలగొడితే షాపు ఓనరు జవాబు చెప్పాలి, "వాడు కొత్త కుర్రాడండి" అన్నది సమాధానం కాదు. షోరూము ధరలోనే బిగింపు కలిపి పంపిన మనిషి విషయంలో షోరూమును కూడా అడగొచ్చు. కానీ తన పద్ధతిలో, తన పనిముట్లతో, చెట్టుకింతని మాట్లాడుకుని చేసేవాడు స్వతంత్ర కాంట్రాక్టర్. అతని నిర్లక్ష్యానికి తోట యజమాని మామూలుగా బాధ్యుడు కాడు. అయితే చెట్టు పక్కింటి మీదికి వంగి ఉందని తెలిసి, గెలను తాడు కట్టి దించమని చెప్పకుండా, త్వరగా కానివ్వమని తొందరపెట్టిన యజమాని ఆ రక్షణ పోగొట్టుకుంటాడు. ఊళ్లల్లో మాత్రం పక్కింటాయన వచ్చేది తోట యజమాని దగ్గరికే, చాలాసార్లు రేకులు మార్పించేదీ ఆయనే. ఇది నాకు సబబుగానే అనిపిస్తుంది. చెట్టు ఆయనది, కాయల డబ్బూ ఆయనదే.

కొబ్బరి అభివృద్ధి బోర్డు దింపు కార్మికులకు కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. అది చెట్టెక్కే మనిషి ప్రాణానికీ, గాయాలకూ. పక్కింటి రేకులకు కాదు.

డ్రిల్ మెషిన్ పట్టుకుని కూర్చుంటే

డబ్బు తేలేదాకా పనిముట్లు ఇక్కడే పెట్టి వెళ్లమనడం మన దగ్గర మామూలే. బాగుచేసిన వస్తువును కూలి ఇచ్చేదాకా ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద రిపేరు చేసినవాడికి ఉంది. కస్టమర్‌కు మాత్రం మెకానిక్ పనిముట్ల మీద అలాంటి హక్కు ఏదీ లేదు. పైగా పనిముట్లు పోతే అతను సంపాదించి కట్టే దారే మూసుకుపోతుంది.

"సారీ అండీ, నా వల్లే పగిలింది" అనడానికి కూడా చాలామంది భయపడతారు. పైపు తన చేతిలో పగిలిందని ఒప్పుకోవడం ఒక వాస్తవాన్ని ఒప్పుకోవడం. జాగ్రత్త తీసుకున్నాడా, ఎంత కట్టాలన్నవి ఇంకా మిగిలే ఉంటాయి. మాటకు భయపడి ఫోను ఎత్తకపోవడం వల్లే ఎక్కువ తగాదాలు ముదురుతాయి.

పెద్దమనుషుల నుంచి కమిషన్ దాకా

డెల్టా ఊళ్లల్లో ఇలాంటివి చాలావరకు పెద్దమనుషుల దగ్గరే తెగుతాయి. అడిగినదానికంటే తక్కువకు ఒప్పుకుని సరిపెట్టుకోవడం చట్టపరంగా చెల్లుతుంది, కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. బెదిరించి సంతకం పెట్టిస్తే మాత్రం ఆ కాగితాన్ని తర్వాత కాదనవచ్చు. పెద్దమనుషుల పద్ధతికి మేలుంది, ఒక్క సాయంత్రంలో తేలుతుంది. కీడూ ఉంది. ఊరి మోతుబరికీ, పొరుగూరి నుంచి వచ్చిన కుర్ర మెకానిక్‌కూ మధ్య తీర్పు ఎటు మొగ్గుతుందో మనకు తెలుసు. ఎంత ఇచ్చారో, దేనికిచ్చారో, ఇక బాకీ లేదనో రాసుకోకపోతే ఆరు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది.

అక్కడ తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. నష్టం ఎంతన్నది కాక, సేవకు చెల్లించిన సొమ్మును బట్టి ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలో తేలుతుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. 5 లక్షల దాకా ఫీజు లేదు. కస్టమర్ తానున్న ఊరు ఏ జిల్లా కమిషన్ కిందికి వస్తే అక్కడే వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు ఫోన్‌లో చెప్పుకోవాలంటే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. మానసిక వేదనకు కూడా కమిషన్లు కొంత ఇప్పిస్తుంటాయి. అమ్మ పెళ్లిచీర చిరిగినావిడకు మార్కెట్ ధర దాటి ఏదైనా దక్కే చోటు ఇదే. ఫిర్యాదును మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, ఆచరణలో ఎక్కువే పట్టొచ్చు.

డబ్బు తీసుకోకుండా, స్నేహం కొద్దీ చేసిపెట్టిన పని ఈ చట్టం కిందికి రాదు. రొయ్యల రైతుకు ఇంకో అడ్డంకి. వ్యాపారం కోసం సేవ పొందినవాడికి వినియోగదారుడి హోదా ఉండదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనాలు తీసుకున్న రైతులను వినియోగదారులుగానే చూసింది కాబట్టి చిన్న రైతుకు వాదన ఉంది. కానీ బతుకుతెరువు కోసం తీసుకున్నదాన్ని వ్యాపారంగా లెక్కించని జీవనోపాధి మినహాయింపు గురించి 2019 చట్టం ఇచ్చిన వివరణలో కొన్న వస్తువుల ప్రస్తావనే ఉంది, సేవలది లేదు. ఎదుటివాళ్లు పట్టుకునేది దాన్నే. సివిల్ కోర్టులో ఈ తంటా ఉండదు, ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది.

మెకానిక్‌కు కోర్టు ఖర్చు భయం, కస్టమర్‌కు కాలయాపన భయం ఉన్నప్పుడు లోక్ అదాలత్ ఇద్దరికీ పనికొచ్చే చోటు. న్యాయసేవా సంస్థ ద్వారా వెళ్లడానికి ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 16,000 ఒకేసారి కట్టలేని మనిషికి నెలకింతని వాయిదాలు రాసుకోవాలన్నా ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ కుదురుతుంది. వాయిదా తప్పితే కస్టమర్ మళ్లీ కొత్తగా దావా వేయనక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్లొచ్చు.